ప్లాన్లు వంద, తీగ ఒక్కటే

మొన్న సంక్రాంతి నాడు ఊరికి ఫోన్ చేశాను. పలకరింపులు, పిండివంటల సంగతులు అయ్యాక బాబాయి అడిగాడు: "మీ దగ్గర కరెంటు ఎవరి దగ్గర కొనాలో మీరే ఎంచుకుంటారటగదరా? మాకూ అలాంటి చట్టం తెస్తారని టీవీలో చెబుతున్నారు. సిమ్ కార్డు మార్చినట్టు కంపెనీని మార్చుకోవచ్చంట. అప్పుడు బిల్లు తగ్గుతుందా?"

తెనాలి దగ్గర పల్లె ఆయనది. రెండెకరాల పొలం, ఒక మోటారు, ఇంట్లో మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్, నిరుడు వేసవిలో పెట్టించిన ఏసీ. నేను టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. ఈ పద్నాలుగేళ్ళలో ఏడు కరెంటు కంపెనీలు మార్చాను. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదనిపించి "తర్వాత చెబుతాను బాబాయ్" అన్నాను. ఆ జవాబే ఇది. ఆయన ఒక్కడికే కాదు, ఆయనకు ఆ ఆశ పెట్టినవాళ్ళకు కూడా.

బాబాయి విన్నది గాలి కబురు కాదు. తీగలు ఒకరివి, అమ్మకం మరొకరిది చేసి, ఒకే ఊళ్ళో నాలుగు కంపెనీలను కరెంటు అమ్ముకోనివ్వాలన్న ఆలోచన 2014 నాటి సవరణ బిల్లు నుంచీ ఢిల్లీలో నలుగుతోంది. 2022 ఆగస్టు 8న మరో రూపంలో లోక్‌సభకు వచ్చి, స్థాయీ సంఘానికి వెళ్ళి ఆగింది. 2025లో కొత్త ముసాయిదాగా మళ్ళీ బయటికొచ్చింది. ప్రతిసారీ చెప్పే కారణం ఒక్కటే: పోటీ ఉంటే ధర తగ్గుతుంది, సేవ బాగుపడుతుంది, నచ్చకపోతే వినియోగదారుడు ఇంకో కంపెనీకి వెళ్ళిపోతాడు. ఆర్థికవేత్తలు ఇదే అంటారు, సంపాదకీయాలు ఇదే రాస్తాయి, చదువుకున్న మధ్యతరగతి దీన్ని రుజువు అక్కర్లేని సత్యంగా తీసుకుంది. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో దీనికి ఒక తోక కూడా తగిలిస్తారు: "చూసి తీసుకోవడం తెలిసినవాడికి లాభమే. తెలియకపోతే అది వాడి తప్పు."

ఆ తోకే అసలు విషయం అని నా వాదన. ఇంటి కరెంటుకు కంపెనీని ఎంచుకోవడం మెజారిటీ జనానికి హక్కుగా అందదు, నెత్తిన పడ్డ పనిగా అందుతుంది. ఆ పని చేయగలిగినవాడికి మిగిలే డబ్బు ఎవరో కష్టపడి ఖర్చు తగ్గించినందువల్ల మిగిలింది కాదు. అందులో పెద్ద భాగం ఆ పని చేయలేనివాడి జేబులోంచి వచ్చింది.

ముందు ఇక్కడ మేము ఎంచుకునే కంపెనీ ఏం చేస్తుందో చూడాలి. 1999లో అప్పటి గవర్నర్ జార్జ్ బుష్ సంతకం చేసిన చట్టంతో, 2002 జనవరి 1 నుంచి టెక్సస్‌లో ఇళ్ళకు పోటీ మొదలైంది. కరెంటు పుట్టించే ప్లాంటు ఒకరిది. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటరు ఇంకొకరివి. ఆ తీగల కంపెనీ ప్రాంతానికి ఒక్కటే. దాన్ని ఎవరూ ఎంచుకోలేరు, దాని చార్జీని ప్రభుత్వ కమిషన్ నిర్ణయిస్తుంది. ఈ రెంటి మధ్య దుకాణం పెట్టుకున్నవాడే మేము ఎంచుకునే రిటైలరు. టోకున కొంటాడు, చిల్లరగా అమ్ముతాడు, బిల్లు పంపుతాడు. స్తంభం ఎక్కే మనిషి ఒక్కడూ అతని దగ్గర ఉండడు. కరెంటు పోతే ఫోన్ చేయాల్సింది కూడా అతనికి కాదు, తీగల కంపెనీకి.

సిమ్ కార్డు పోలిక ఇక్కడే చెడుతుంది. సిమ్ మారిస్తే టవరు మారుతుంది, సిగ్నలు మారుతుంది, మా ఊరి చెరువుగట్టు మీద మాట వినపడేదీ లేనిదీ మారుతుంది. పాలు పోసే మనిషిని మారిస్తే పాల చిక్కదనం మారుతుంది. కరెంటు కంపెనీ మారిస్తే నా ఇంట్లో మారేది బిల్లు మీది బొమ్మ ఒక్కటే. అదే తీగ, అదే వోల్టేజీ, అవే ప్లాంట్లు. సరుకులో తేడా చూపించడానికి వీల్లేని చోట అమ్మేవాళ్ళు పోటీ పడేది ధరను తగ్గించడంలో కంటే ధరను తక్కువగా కనిపించేటట్టు చేయడంలోనే ఎక్కువ.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలియలేదు, 2021 ఫిబ్రవరిలో తెలిసింది. 15వ తేదీ తెల్లవారుజామున టెక్సస్ గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ సంస్థ కోతలకు ఆదేశించింది. గ్యాసు బావులు, పైపులు, ప్లాంట్లు మంచు తుపాను చలికి గడ్డకట్టుకుపోయాయి. మొత్తం గ్రిడ్ కూలిపోవడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలోకి వచ్చామని ఆ సంస్థే తర్వాత ఒప్పుకుంది. మా వరసలో ఐదిళ్ళు, ఐదుగురు రిటైలర్లు. ఒకరిది పూర్తిగా గాలిమరల కరెంటు అని చెప్పి అమ్మిన ప్లాను, ఒకరిది శని, ఆదివారాలు ఉచితం అన్నది, నాది పన్నెండు నెలల స్థిర ధర. ఐదిళ్ళూ ఒక్క క్షణంలో చీకటయ్యాయి. రోడ్డవతల ఇళ్ళల్లో మాత్రం దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. వాళ్ళు తెలివైన ప్లాను తీసుకున్నారని కాదు, వాళ్ళ ఇళ్ళు ఆసుపత్రికి వెళ్ళే లైను మీద ఉన్నాయి. పిల్లలిద్దరికీ కోట్లు తొడిగి, నలుగురం ఒకే గదిలో దుప్పట్లు పరుచుకున్నాం. పొయ్యి గ్యాసుది కాబట్టి అన్నం, చారు దొరికాయి. కారులో చార్జి పెట్టుకున్న ఫోనుకు నేను ఏరికోరి ఎంచుకున్న కంపెనీ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది: దయచేసి వాడకం తగ్గించండి అని. ఆ వారం రాష్ట్రంలో 45 లక్షల ఇళ్ళకు పైగా కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. కరెంటు ఉండటం, పోవడం అనే అసలు ప్రశ్న దగ్గర మా ఎంపికకు వీసమెత్తు విలువ లేదని ఆ మూడు రాత్రులు చెప్పాయి.

ధర సంగతీ ఆ వారమే బయటపడింది. మామూలు రోజుల్లో యూనిట్‌కు కొన్ని సెంట్లు ఉండే టోకు ధరను 9 డాలర్ల దగ్గర పెట్టి రోజుల తరబడి దించలేదు. నెలకు 9.99 డాలర్లు కడితే టోకు ధరకే కరెంటు ఇస్తామని వచ్చిన గ్రిడ్డీ అనే సంస్థను అంతకు ముందు మార్కెట్ వాదులు భవిష్యత్తు ఇదేనని మెచ్చుకున్నారు. మధ్యలో లాభం వేసుకునేవాడు లేడు, ధర నిమిషాల మీద తెలుస్తుంది, ఇంతకంటే స్వచ్ఛమైన ఎంపిక ఉండదన్నారు. తుపాను ముంగిట ఆ సంస్థే తన వినియోగదారులను వెంటనే వేరే కంపెనీకి మారిపొమ్మని బతిమాలింది. దాదాపు 29 వేల మంది ఖాతాదారుల్లో సమయానికి మారలేకపోయినవాళ్ళకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మార్చిలో సంస్థ దివాలా తీసింది, తర్వాత ఆ బకాయిలు మాఫీ అయ్యాయి. అదే ఏడాది ఇళ్ళకు టోకు ధర ప్లాన్లు అమ్మకూడదని టెక్సస్ శాసనసభ చట్టం చేసింది. స్థిర ధర తీసుకున్న మేమూ తప్పించుకోలేదు. ఆ వారం పేరుకున్న అప్పులను బాండ్లుగా మార్చి ఏళ్ళ తరబడి కరెంటు బిల్లుల్లోంచి రాబట్టుకునే వీలు కూడా ఆ శాసనసభే కల్పించింది.

సరే, తుపాను యాభై ఏళ్ళకోసారి వస్తుంది, మామూలు నెలల సంగతి చెప్పండి అంటారు. చెబుతాను. మామూలు నెలల్లోనే ఈ పద్ధతి అసలు రంగు తెలుస్తుంది.

ప్రభుత్వ కమిషన్ నడిపే 'పవర్ టు చూజ్' వెబ్‌సైటులో మా పిన్‌కోడ్ కొడితే వందకు పైగా ప్లాన్లు వస్తాయి. చట్టం ప్రకారం ప్రతి ప్లానుకూ ఒక వివరాల పట్టీ ఉండాలి. 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర అందులో చూపాలి. మంచి నిబంధనే. కంపెనీలు దాన్ని ఏం చేశాయో నా బిల్లు సాక్షిగా చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేను తీసుకున్న ప్లానులో 1000 యూనిట్ల దగ్గర ధర 5.5 సెంట్లు అని రాసి ఉంది. నిజంగా వాళ్ళు వసూలు చేసేది అన్నీ కలిపి 18 సెంట్లు. నెల వాడకం 1000 యూనిట్లకు చేరితే మాత్రం బిల్లులో 125 డాలర్లు తగ్గిస్తారు. కచ్చితంగా 1000 వాడితే 180లోంచి 125 పోను 55 డాలర్లు, అంటే యూనిట్ 5.5 సెంట్లు. 500 వాడితే 18 సెంట్లు. 2000 వాడితే దాదాపు 12 సెంట్లు. ధరల వరసలో మొదటి చోటు కొట్టేయడానికి 1000 అనే ఒక్క అంకె చుట్టూ కట్టిన ప్లాను అది. ఆ ఏడాది జూన్‌లో పిల్లలతో సగం నెల ఇండియాలో, మా ఊళ్ళో ఉన్నాం. ఆ నెల వాడకం 987 యూనిట్లు. బిల్లు 177 డాలర్లు దాటింది. ఇంకో పదమూడు యూనిట్లు ఊరికే తగలేసి ఉంటే 55 డాలర్లతో పోయేది. కరెంటు పొదుపు చేసిన ఇంటికి 122 డాలర్ల జరిమానా వేసే ధరల పట్టికను కరెంటు పంపిణీ చేసే ఏ డిస్కమైనా మన విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) బహిరంగ విచారణలో పెడితే ఆ హాల్లో జనం ఊరుకుంటారా?

"పట్టీలో అంతా రాసే ఉంది, చదువుకోవాల్సింది" అంటారు మిత్రులు. నేను లెక్కలు చేసుకుని బతికే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి. కిందటి ఏడాది నెలవారీ వాడకం ఎక్సెల్‌లో వేసుకుని, నలభై ప్లాన్లకు లెక్క కట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుంటే తప్ప ఏది చవకో తేలదు. ఆ ఆదివారం అందరికీ ఉందా? రాత్రి షిఫ్టు చేసే నర్సుకు, రెండు ఉద్యోగాల డ్రైవరుకు, ఇంగ్లీషులో చిన్న అక్షరాల ఒప్పందం చదవలేని మన అమ్మానాన్నలకు? రేషన్ బియ్యానికి, మంచినీళ్ళకు, కరెంటుకు ప్రవేశ పరీక్ష పెట్టి, తప్పినవాడి దగ్గర ఎక్కువ గుంజుకోవడం న్యాయమని ఎవరైనా పైకి అంటారా? పైకి అనరు. "ఎంపిక" అన్న అందమైన మాట కింద అదే జరుగుతోంది.

మా రెండు వీధుల అవతల నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నారు, హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కొడుక్కి వేరే రాష్ట్రంలో ఉద్యోగం మారితే, మనవరాలి చదువు పూర్తయ్యేదాకా ముసలివాళ్ళిద్దరూ కోడలితో ఈ ఇంట్లోనే ఉండిపోయారు. కరెంటు ఖాతా కొడుకు పేరు మీద. ఒప్పందం గడువు ముగిసింది. గడువు ముగిస్తే ఇక్కడ కరెంటు తీసేయరు, నెలనెలా కంపెనీ తనకు తోచినట్టు మార్చుకునే ధరలోకి నెట్టేస్తారు. నోటీసులు వచ్చాయి, కాగితాల కట్టలో కలిసిపోయాయి. నేను ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మాస్టారు బిల్లు చేతిలో పెట్టారు. పాత ధరకు దాదాపు రెట్టింపు, పదకొండు నెలలుగా. అదనంగా కట్టింది వెయ్యి డాలర్లు దాటింది. "రోజుకు పది ఉత్తరాలు వస్తాయి బాబూ. ఏది కరెంటుదో, ఏది ప్రకటనో నాకెట్లా తెలుస్తుంది?" అన్నారు. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, తప్పు తనదేనన్నట్టు తలవంచుకుని అడిగారు. ఆ తలవంపు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆయన ఏ తప్పూ చేయలేదు. ఆయన మర్చిపోతారని, మర్చిపోవాలని, లెక్కవేసి కట్టిన వ్యాపారం అది.

కొత్తవాళ్ళను లాగడానికి తక్కువ ధర, ఉన్నవాళ్ళ మరుపు మీద ఎక్కువ ధర: ఇది ఒక చెడ్డ కంపెనీ కథ కాదు. ఈ పద్ధతిని ముందుగా తెచ్చిన దేశాల్లో ఒకటైన బ్రిటన్ చరిత్ర చూడండి. 1989 చట్టంతో కరెంటును ప్రైవేటుపరం చేసి, 1999 నాటికి ప్రతి ఇంటికీ ఎంపిక ఇచ్చారు. పదిహేడేళ్ళ ప్రచారం, పోల్చి చూపే వెబ్‌సైట్లు, మారండి మారండి అని మంత్రుల పిలుపులు. ఆ తర్వాత 2016లో ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ విచారణ చేసి తేల్చింది ఏమిటి? ఆరు పెద్ద కంపెనీల గృహ వినియోగదారుల్లో 70 శాతం మంది ఏమీ ఎంచుకోకపోతే పడే ఖరీదైన డిఫాల్ట్ ధర మీదే ఉన్నారు. నిజమైన పోటీ ఉంటే కట్టాల్సిన దానికంటే 2012–15 మధ్య జనం కరెంటుకూ గ్యాసుకూ కలిపి ఏడాదికి సగటున 140 కోట్ల పౌండ్లు ఎక్కువ కట్టారు. చివరికి మార్కెట్‌ను నమ్మే కన్సర్వేటివ్ ప్రభుత్వమే 2018లో చట్టం చేసి, 2019 జనవరి 1 నుంచి ఆ డిఫాల్ట్ ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది. ధరను మళ్ళీ నియంత్రణ సంస్థే నిర్ణయించాల్సి వచ్చింది. ఎంపికను ముందుగా తెచ్చినవాళ్ళే ఇరవై ఏళ్ళ తర్వాత వెనక్కి నడిచిన దారిని ఇప్పుడు మనకు ముందు దారిగా చూపిస్తున్నారు.

ఆ తర్వాతది ఇంకా చేదు. 2021లో గ్యాసు ధర పెరగగానే, ముందుజాగ్రత్తగా కరెంటు కొనిపెట్టుకోకుండా చవక ధరలతో జనాన్ని పోగేసిన చిన్న రిటైలర్లు దాదాపు ముప్పై మంది వరసగా మూతపడ్డారు. వాళ్ళ ఖాతాదారులను వేరే కంపెనీలకు అప్పగించడానికి అయిన ఖర్చు, పెద్దదైన బల్బ్ కంపెనీ లెక్క వదిలేసి, 270 కోట్ల పౌండ్లని ఆ దేశపు ఆడిట్ కార్యాలయం 2022లో తేల్చింది. ఇంటికి 94 పౌండ్లు. ఎన్నడూ ఆ కంపెనీల ముఖం చూడని ఇళ్ళు కూడా కట్టాయి. చవక ప్లాను దొరికిందని మురిసినవాడి మురిపానికి ఊరంతా చందా వేసుకుంది.

"అది బ్రిటన్, అక్కడి తీరు వేరు" అంటే, అమెరికాలోనే మసాచుసెట్స్ ఉంది. అక్కడ ఇంటివాళ్ళకు రెండు దారులు: పాత యుటిలిటీ ఇచ్చే మామూలు ధర, లేదా పోటీ కంపెనీ. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పోల్చడం తేలిక. ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం 2018లో లెక్క తీసింది. 2015 జూలై నుంచి 2017 జూన్ దాకా రెండేళ్ళలో, పోటీ కంపెనీలకు మారిన ఇళ్ళు మారకుండా ఉంటే కట్టేదానికంటే 17.68 కోట్ల డాలర్లు ఎక్కువ కట్టాయి. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలే ఎక్కువగా ఈ ప్లాన్లలో చిక్కుకున్నాయి. ఇళ్ళకు విడివిడిగా అమ్మే ఈ మార్కెట్‌నే మూసేయాలని ఆ నివేదిక సిఫారసు చేసింది. ఇంటింటికీ తిరిగి "మీ బిల్లు చూపించండి, తగ్గిస్తాం" అని తలుపు తట్టే ఏజెంట్ల సంగతి న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళను అడిగినా చెబుతారు.

టెక్సస్ వాదులకు ఒక బలమైన మాట ఉంది, దాన్ని దాటవేయను. ఇక్కడ కరెంటు అమెరికా సగటు కంటే చవక, కాలిఫోర్నియా కంటే బాగా చవక, గాలిమరలు దేశంలోకెల్లా ఎక్కువ. నిజమే. దానికి కారణం రిటైలర్ల పోటీయేనా అన్నదే ప్రశ్న. కాళ్ళ కింద గ్యాసు ఉంది, పడమట గాలి ఉంది. ఆ గాలి కరెంటును తూర్పు నగరాలకు తెచ్చిన లైన్లను ఏ రిటైలరూ వేయలేదు. 2005లో శాసనసభ నిర్ణయించి, కమిషన్ మార్గాలు గీసి, సుమారు 700 కోట్ల డాలర్ల ఖర్చును గ్రిడ్‌లోని వినియోగదారులందరి మీదా వేసి, 2014 ప్రారంభానికి పూర్తి చేసింది. అది పక్కా ప్రభుత్వ ప్రణాళిక. పైగా ఇదే గ్యాసు, ఇదే గాలి, ఇదే గ్రిడ్ మీద పోటీ లేని నగరాలు కూడా ఉన్నాయి. ఆస్టిన్‌కూ, శాన్ ఆంటోనియోకూ నగర పాలక సంస్థల సొంత కరెంటు కంపెనీలున్నాయి. పల్లెల్లో, శివార్లలో సహకార సంఘాలున్నాయి. 2004 నుంచి లెక్కవేసి, పోటీ ప్రాంతాల ఇళ్ళు ఇలాంటి పాత పద్ధతి సంస్థల ధరతో పోలిస్తే 2,800 కోట్ల డాలర్లు ఎక్కువ కట్టాయని వాల్ స్ట్రీట్ జర్నల్ 2021 ఫిబ్రవరిలో రాసింది. ఆ పత్రిక మార్కెట్‌కు శత్రువు కాదు. మొదటి ఏళ్ళలో గ్యాసు ధర ఎక్కువ కాబట్టి తేడా అంత కనిపించిందని, తర్వాత తగ్గిందని రిటైలర్ల తరఫువాళ్ళు అంటారు. తగ్గిందనే అనుకుందాం. ఇరవై ఏళ్ళు ఎదురుచూశాక తేలింది సమానమైతే, ఆ ఆదివారాలన్నీ ఎందుకు ఖర్చు పెట్టినట్టు? మాస్టారి వెయ్యి డాలర్లు ఎందుకు పోయినట్టు?

ఇప్పుడు బాబాయి ఇంటికి వద్దాం. మన డిస్కంల ఖర్చులో దాదాపు ముప్పాతిక వంతు కరెంటు కొనడానికే పోతుంది. అందులో ఎక్కువ భాగం పాతికేళ్ళ ఒప్పందాలతో ముందే బిగించుకున్నది. 2022 బిల్లు ప్రకారం కొత్తగా వచ్చే కంపెనీలు ఆ పాత ఒప్పందాల కరెంటునూ, ఖర్చునూ పంచుకోవాలి, పాత డిస్కం తీగలనే వాడుకోవాలి. అంటే సరుకు అదే, మోసే బండి అదే. పోటీకి మిగిలింది బిల్లు కొట్టడం, డబ్బు వసూలు చేయడం. రూపాయిలో అది కొన్ని పైసలు. ఆ పైసల్లోంచి బిల్లు సగమయ్యేంత లాభం పుట్టించడం ఎవరి తరమూ కాదు. కొత్త కంపెనీకి లాభం వచ్చే దారి ఒక్కటే: ఎవరికి అమ్మాలో ఏరుకోవడం.

ఇది ఊహ కాదు. మన దేశంలో ఇంటివాళ్ళు కంపెనీని మార్చుకోగలిగిన మహానగరం ముంబై. సుప్రీంకోర్టు 2008 తీర్పు, మహారాష్ట్ర నియంత్రణ మండలి 2009 ఉత్తర్వు తర్వాత, శివారు ప్రాంతాల జనం రిలయన్స్ తీగల మీదే టాటా కరెంటు తీసుకోగలిగారు. పెద్ద వాడకందారులు ముందు కదిలారు. చిన్న బిల్లుల ఇళ్ళు పాత కంపెనీ దగ్గర మిగిలాయి. 2012 ఆగస్టులో ఆ మండలే టాటా ఏరికోరి తీసుకుంటోందని తప్పుబట్టి, 300 యూనిట్ల లోపు ఇళ్ళను మాత్రమే మార్చుకోవాలని కొంతకాలం ఆంక్ష పెట్టింది. ఆ తర్వాత ట్రిబ్యునళ్ళు, సర్‌చార్జీలు, వ్యాజ్యాలు. లాయర్లకు చేతినిండా పని దొరికింది కానీ, ముంబైలో కరెంటు చవక అని నేను ఏ ముంబైవాసి నోటా వినలేదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ ఏరుకోవడం ఎక్కడ తగులుతుందో చూడండి. మన టారిఫ్ కట్టినదే అంతరాల మీద. షాపులు, ఫ్యాక్టరీలు, పెద్ద స్లాబుల ఇళ్ళు అసలు ఖర్చు కంటే ఎక్కువ కడతాయి. దాంతోనూ ప్రభుత్వ సబ్సిడీతోనూ పేదవాడి బల్బు, రైతు మోటారు నడుస్తాయి. కొత్త కంపెనీ జూబ్లీహిల్స్‌కూ బెంజి సర్కిల్‌కూ వస్తుంది. పాడేరుకూ ఉట్నూరుకూ ఎవరొస్తారు? దీనికి జవాబుగా 2022 బిల్లులో క్రాస్ సబ్సిడీ సమతుల్య నిధి అని పెట్టారు: ఎక్కడ మిగులు వస్తే అది ఆ నిధిలో పడాలి, లోటున్న కంపెనీకి వెళ్ళాలి. చదవడానికి బాగుంది. కానీ ఆ మిగులు ఇచ్చే వినియోగదారుడికి ధర తగ్గించడమేగా పోటీ? ధర తగ్గితే మిగులేది? 2025 ముసాయిదా ఇంకో అడుగు వేసి, తయారీ పరిశ్రమల మీద, రైల్వేల మీద క్రాస్ సబ్సిడీ భారాన్ని ఐదేళ్ళలో తీసేయాలంటోంది. అప్పుడు మిగిలే లోటును రాష్ట్ర ఖజానా మోయాలి, లేదా బాబాయి ఏసీ మోయాలి.

సిమ్ కార్డు పోలిక తెచ్చింది ఈ చట్టం కోరేవాళ్ళే కాబట్టి ఒక మాట. ఒకప్పుడు డజను కంపెనీలున్న ఆ మార్కెట్లో ఇప్పుడు మిగిలిన ప్రైవేటు కంపెనీలు మూడు. 2024లో ఆ మూడూ ఒకే వారంలో ధరల పెంపు ప్రకటించాయి. సెల్లుకు రీచార్జి ఒక నెల మానుకోగలం. కరెంటు మానుకోగలమా?

డిస్కంలు బాగున్నాయని నేను అనడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులు చందాలు వేసుకుని, ట్రాక్టరు మీద వేసుకుని షెడ్డుకు తీసుకెళ్ళడం చిన్నప్పుడు చూశాను, ఇప్పటికీ వింటున్నాను. లో వోల్టేజీకి మోటార్లు కాలతాయి. ఎప్పుడో వాడిన కరెంటుకు ట్రూఅప్ పేరుతో ఇప్పుడు డబ్బు అడుగుతారు. బాబాయి కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపాల జాబితాను ఒక్కొక్కటిగా చూస్తే, ట్రాన్స్‌ఫార్మరు, వోల్టేజీ, లైన్‌మన్ రాకపోవడం, ఇవన్నీ తీగలవైపు సమస్యలు. పోటీ వచ్చినా తీగలు ఒక్కరివే. అప్పుడు బిల్లు తీసుకున్నవాడు "లైను మాది కాదు" అంటాడు, లైనువాడు "నువ్వు మా కస్టమరువి కాదు" అంటాడు. మధ్యలో వరి ఎండుతుంది.

ఇంకొకటి పోతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 1998 సంస్కరణ చట్టంతో మనకు విద్యుత్ నియంత్రణ మండలి వచ్చింది. డిస్కంలు ఏటా నవంబరు 30 నాటికి తమ ఖర్చుల లెక్కలు, కావలసిన చార్జీలు దాని ముందు పెట్టాలి. ఎవరైనా, కౌలు రైతైనా సరే, అభ్యంతరం రాసి పంపి, బహిరంగ విచారణలో లేచి నిలబడి, తెలుగులో, డిస్కం పెద్ద అధికారుల ఎదుట అడగవచ్చు: ఈ కరెంటు అంత ధరకు ఎందుకు కొన్నారు అని. ఆ హక్కు ఊరికే నిలబడలేదు. 2000 ఆగస్టు 28న, చార్జీల పెంపును నిరసిస్తూ వెళ్ళిన జనం మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. కరెంటు ధర ప్రజల సంగతి, నలుగురిలో తేలాల్సిన సంగతి అని ఆ రోజు తర్వాత ఏ ప్రభుత్వమూ మర్చిపోలేకపోయింది. టెక్సస్‌లో నా రిటైల్ ధర మీద విచారణ లేదు. నేను ఒక బటన్ నొక్కి ఒప్పుకున్నాను, అంతే. నచ్చకపోతే వెళ్ళిపో అంటారు. వెళ్ళిపోయే హక్కు ఇచ్చి అడిగే హక్కు తీసుకున్నారు. పైగా వెళ్ళేది ఒక్కణ్ణి. ఒక్కడు వెళితే ఏ కంపెనీ ధరా మారదు. హాల్లో వందమంది అడిగితే మారుతుంది.

అయినా పోటీ తెచ్చి తీరతామంటే, చట్టంలోనే కొన్ని మాటలు రాసి చూపించాలి. ఏమీ ఎంచుకోని ఇంటికి మండలి నిర్ణయించిన న్యాయమైన ధర ఎప్పటికీ ఉండాలి, గడువు ముగిసినవాడు తిరిగి ఆ ధరలోకే పడాలి. యూనిట్‌కు ఇంత అన్న ఒక్క అంకె తప్ప తగ్గింపులు, షరతులు, మెట్లు ఉన్న ప్లాను ఇళ్ళకు అమ్మకూడదు. ఊళ్ళోకి వచ్చే కంపెనీ ఊరంతటికీ ఇవ్వాలి, చివరి పొలం మోటారుతో సహా. మూతపడే కంపెనీ అప్పు జనం బిల్లులోకి రాకూడదు. బ్రిటన్, టెక్సస్ ఇన్నేళ్ళు దెబ్బలు తిని నేర్చుకున్నవి ఇవే. ఈ షరతులు పెడితే ఏ కంపెనీ వస్తుందని అడుగుతారేమో. రాదేమో. రాకపోతే, వాళ్ళు వద్దామనుకున్నది దేనికోసమో తెలిసిపోతుంది.

మాస్టారి కొత్త ఒప్పందం ఈ అక్టోబరు 19తో ముగుస్తుంది. వాళ్ళ ఫ్రిజ్ మీద క్యాలెండరులో ఎర్ర సిరాతో సున్నా చుట్టి, కింద నా నంబరు రాశాను. నా ఫోన్లోనూ పెట్టుకున్నాను. నిన్న రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. కంపెనీ మార్చుకునే చట్టం కోసం ఎదురుచూడొద్దని, ఈఆర్‌సీ విచారణ నోటీసు పేపర్లో వస్తే ఫోటో తీసి పంపమని చెప్పాను. కాలువ గట్టు ట్రాన్స్‌ఫార్మరు ఎన్నిసార్లు కాలిందో తేదీలతో రాసిపెట్టమన్నాను. అభ్యంతరం కాగితం నేను తయారు చేస్తాను. "నేనా, అంతమంది ఆఫీసర్ల ముందా?" అన్నాడు. "నువ్వే బాబాయ్, తెలుగులోనే అడగొచ్చు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మా వీధి సాంబయ్య మామ మోటారు కూడా మొన్న కాలిందని, ఆయన్నీ వెంట తీసుకెళ్తానని చెప్పాడు.